పేరుండాల్సిన చోట

ఫిలిన్న. వయసు ముప్పై ఒకటి. ఎవరి బట్ట మీద ఊడిన దారం కనబడినా అడక్కుండా లాగి తన చూపుడువేలికి చుట్టుకునేది.

ఆ వేలితోనే క్రైస్తవ స్త్రీల ఇంటి తలుపు తట్టింది. గ్రీకు దేశంలో, సముద్రం ఒడ్డున, ఓడరేవుకి కాస్త ఎడంగా ఉన్న రాతి ఇల్లది. పాత దేవతల గుళ్ళు మూసెయ్యమని చక్రవర్తి ఆజ్ఞ వచ్చి అప్పటికి పాతికేళ్ళు. ఆ ఇంట్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు గొర్రెతోళ్ళు గీకి, ఆరబెట్టి, వాటి మీద లేఖనాలకి నకళ్ళు రాసేవారు.

పెద్దావిడ పేరు యునీకే. అందరూ అమ్మ అనేవారు. డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళుగా రాస్తోంది. ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం వదల్లేదు. తోలు మీద సిరా బొట్టు పడితే ఆ పూట భోజనం మానేసే మనిషి.

ఫిలిన్నకి చదువు రాదు. సూది వచ్చు. అందుకని తోళ్ళకి పడ్డ చిల్లులు కుట్టే పని ఇచ్చారు. గొర్రెని ఈగ కుట్టిన చోటో, గీకేటప్పుడు కత్తి జారిన చోటో తోలుకి చిల్లు పడుతుంది. చట్రానికి బిగించి లాగితే పెద్దదవుతుంది. దాన్ని దారంతో కుట్టి ఆపాలి. రాసేవాళ్ళు ఆ కుట్టు దాకా వచ్చి ఆగి, చోటు వదిలి, అవతల నుంచి మాట అందుకుంటారు. తోలు దొరకడం కష్టం. చిల్లు పడిందని పారెయ్యరు.

"మనుషులకి పడితే పారేస్తారు" అంది ఫిలిన్న మొదటిరోజు.

అమ్మ నవ్వలేదు. సూది చేతికిచ్చింది.

ఫిలిన్నని పారేసింది భర్త. అతను ధాన్యం ఓడల వర్తకుడు. ఒక చలికాలం సరుకంతా సముద్రం మీద చిక్కుకుపోతే, ఓడని ఒడ్డుకి చేర్చినవాడికి కూతుర్నిస్తానని ఓడరేవులో అందరి ముందూ మాట ఇచ్చాడు. ఓడ చేరింది. మిర్తోకి అప్పటికి పదమూడేళ్ళు. రెండేళ్ళు ఆగమని ఫిలిన్న అతని కాళ్ళు పట్టుకుంది. "మాట ఇచ్చాను" అన్నాడు. పద్నాలుగో ఏట మిర్తో మూడు రోజులు నొప్పులు పడి కానుపులో చచ్చిపోయింది. బిడ్డా దక్కలేదు. తల్లి ఏడుపు ఇంటికి అరిష్టమని భర్త ఆమెని పంపించేశాడు. ఇంకొకర్ని చేసుకున్నాడు. నిరుడు వాళ్ళకీ ఆడపిల్లే పుట్టింది. చాలా ముద్దుగా చూసుకుంటున్నాడని ఊళ్ళో చెప్పుకునేవారు.

మిర్తోనీ ముద్దుగానే చూసుకున్నాడు.

ఫిలిన్న మూటలో ఉన్నది ఒకే ఒక్క బట్ట. మిర్తో పెళ్ళికి తన చేత్తో నేసిన పైబట్ట, కుంకుమపువ్వు అద్దిన పసుపుపచ్చది.

ఆ తీరంలో పాత ఆచారం ఒకటుంది. కానుపులో బతికి బయటపడ్డ ఆడది తన బట్టని ఆర్టెమిస్ దేవతకి ఇస్తుంది. చచ్చిపోయినదాని బట్ట ఇఫిజెనియాకి చెందుతుంది. ఇఫిజెనియా రాజు కూతురు. యుద్ధానికి ఓడలు కదలాలంటే గాలి కావాలని కన్నతండ్రే ఆమెని బలిపీఠం ఎక్కించాడు. కత్తి దిగే క్షణంలో ఆర్టెమిస్ ఆ పిల్లని తప్పించి, ఆ చోట ఒక లేడిని పెట్టిందని కథ. అలా మిగిలిన పిల్ల, మిగలని ఆడవాళ్ళ బట్టలు తీసుకుంటుంది. ఇప్పుడా గుడి కప్పు కూలింది. పూజారి లేడు. అయినా ఆడవాళ్ళు చిత్తడి దాటి వెళ్ళి రాళ్ళ సందుల్లో బట్టలు పెట్టి వస్తూనే ఉన్నారు.

ఫిలిన్న ఇంకా పెట్టలేదు. ఈస్టరుకి ఆమెకి బాప్తిస్మం. పడమటి వైపు తిరిగి, పాత దేవతలందర్నీ విడిచిపెట్టానని పైకి చెప్పాలి. ఆ గుడికి వెళ్ళినట్టు తెలిస్తే బాప్తిస్మం పట్టీలోంచి పేరు కొట్టేస్తారు, ఈ ఇంట్లోంచీ పంపేస్తారు. ఆమెకి ఇంకో ఇల్లు లేదు. బట్ట పెడితే తల దాచుకునే చోటు పోతుంది. పెట్టకపోతే పిల్ల ఎవరికీ చెందకుండా పోతుంది.

రాసేవాళ్ళు పైకి చదువుకుంటూ రాస్తారు. ఫిలిన్న కుడుతూ వినేది. చలికాలంలో ఒకరోజు, దేవుడి మాట మీద కొడుకుని కొండ మీదకి బలికి తీసుకెళ్ళిన ముసలి తండ్రి కథ వచ్చింది. కత్తి ఎత్తాక ఆకాశం నుంచి కేక వినబడింది. పొదలో పొట్టేలు దొరికింది. పిల్లాడు కొండ దిగి వచ్చాడు.

"ఇది మా కథే" అంది ఫిలిన్న. "మాది లేడి, మీది పొట్టేలు."

"మీ దేవతే కదా ముందు గాలి ఆపేసి పిల్లని అడిగింది?" అంది అమ్మ.

"అవును. కోపమొస్తే అడిగేది. మనసు మారితే వదిలేది. ఆవిడ వదలకపోతే ఇంకో దేవత గుమ్మం ఎక్కేవాళ్ళం. అక్కడా కాకపోతే ఇంకోటి. మీ దగ్గర ఉన్నది ఒక్క గుమ్మం. ఆ తలుపు తెరుచుకోకపోతే ఆడది ఎక్కడికి పోవాలమ్మా?"

అమ్మ కలం మొన చెక్కుకుంది.

"మీ దేవుళ్ళు పిల్లల్ని తరిమేవాళ్ళు" అంది. "తప్పించుకోలేక ఆ పిల్లలు చెట్లయ్యారు, ఆవులయ్యారు, పిట్టలయ్యారు. తరిమినవాడు మాత్రం దేవుడుగానే మిగిలాడు. అడిగితే ఒకడు ఇంకొకడి మీదకి నెట్టేవాడు. నేనూ ఆ గుమ్మాలన్నీ ఎక్కి వచ్చినదాన్నే. ఒక్కడే ఉంటే నెట్టడానికి పక్కన ఎవరూ ఉండరు పిల్లా. జవాబు ఆ ఒక్కడే చెప్పాలి."

"చెప్పాడా?"

"రాస్తున్నాగా. ఇంకా చాలా ఉంది."

ఈస్టరు ఇంకా పదిరోజులుందనగా అమ్మ ఒక సేనాధిపతి కథ దగ్గరికి వచ్చింది. యుద్ధంలో గెలిపిస్తే, ఇంటికి తిరిగొచ్చేసరికి తన గుమ్మంలోంచి ఎవరు ముందు ఎదురొస్తే వాళ్ళని బలిస్తానని అతను దేవుడికి మొక్కుకున్నాడు. గెలిచాడు. గుమ్మంలోంచి కూతురు తంబుర వాయిస్తూ, గంతులేస్తూ వచ్చింది. ఒక్కతే కూతురు. తండ్రి బట్టలు చింపుకున్నాడు. మాట ఇచ్చేశాను, వెనక్కి తీసుకోలేను అన్నాడు.

ఫిలిన్న చేతిలో సూది ఆగిపోయింది.

ఆ పిల్ల రెండు నెలలు గడువు అడిగింది. స్నేహితురాళ్ళతో కొండలెక్కి ఏడ్చింది. గడువు అవగానే తనంతట తనే ఇంటికి వచ్చింది.

"తర్వాత?"

"తండ్రి మాట నిలబెట్టుకున్నాడు."

"పొట్టేలు రాలేదా?"

"లేదు."

"కేక?"

"లేదు."

"సరిగ్గా చూడండమ్మా."

అమ్మ పక్కనున్న మూలప్రతిలో కథ చివరిదాకా మళ్ళీ చూసింది. వేలు పెట్టి వరస వెంబడి చూసింది.

"లేదు" అంది. "ఈ చోటుకి రావడం ఇది తొమ్మిదోసారి. వచ్చినప్పుడల్లా ఈసారైనా ఉంటుందేమోనని చూస్తాను."

"ఆ పిల్ల పేరేంటి?"

"రాయలేదు."

"తండ్రిది?"

"ఉంది. చాలాసార్లుంది."

ఫిలిన్న సూదిని తోలులోనే గుచ్చి వదిలేసింది. "అబద్ధపు దేవత ఆడపిల్ల కోసం లేడిని పంపింది. నిజమైన దేవుడు మగపిల్లాడి కోసం పొట్టేల్ని పంపాడు. ఈ పిల్లకి ఏమీ ఎందుకు పంపలేదు?"

"నాకు తెలీదు."

"డీకన్ గారికి తెలుసా?"

"ఆయనకి తెలీనిది లేదు. అడిగి చూడు."

ఊరి చర్చిలో పరిచర్య చేసే డీకన్ హెర్మియాస్ వారానికోసారి వచ్చి రాసిన తోళ్ళు సరిచూసుకుని బిషప్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. బాప్తిస్మం తీసుకోబోయేవాళ్ళకి పాఠమూ ఆయనే చెప్పేవాడు. ఆ మధ్యాహ్నం వచ్చాడు. ఫిలిన్న అడిగింది.

"అక్కడ చూడాల్సింది తండ్రిని" అన్నాడు ఆయన. "కడుపుకోత భరించి దేవుడికిచ్చిన మాట తప్పలేదు. అదీ విశ్వాసమంటే."

"కోత పడింది ఎవరికండీ?"

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. "నీ కూతురు తండ్రి మాటకీ భర్త మాటకీ లోబడి పోయింది. సంతోషించు. పాత దేవతల్ని నమ్మినవాళ్ళకి ఆశ లేదు గనక ఏడుస్తారు. మనం అలా ఏడవకూడదు."

ఫిలిన్న తల ఊపింది. ఆయన భుజం మీద ఊడిన దారం వేలాడుతోంది. దాన్ని లాగలేదు.

మర్నాడు తెల్లారి మూట కట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అమ్మ అప్పటికే కిటికీ దగ్గర రాతబల్ల ముందు కూర్చునుంది.

"గుడికేనా?"

"గుడికే."

"పేరు కొట్టేస్తారు."

"కొట్టెయ్యనివ్వండి. పేరు లేకుండా ఉండటం ఆడవాళ్ళకి కొత్తా?"

"వెళ్ళు. ఒక చిల్లుంది, కుట్టి వెళ్ళు."

ఫిలిన్న బల్ల మీదున్న తోలు చూసింది. "దీనికి చిల్లు లేదు. ఈ ఏడాది వచ్చినవాటిలో మచ్చ లేనిది ఇదొక్కటే. నేనే ఏరి పెట్టాను."

తోలు మీద సగం దాకా రాత ఉంది. నిన్న 'అతని కూతురు' అన్న చోట ఆగింది. అమ్మ కలం చెక్కే కత్తి తీసింది. ఆ మాట పక్కన మొన ఆనించింది. సిరా బొట్టుకి భోజనం మానేసే మనిషి. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని కత్తిని గుచ్చి తిప్పింది. చిక్కుడు గింజంత ముక్క తెగి బల్ల మీద పడింది.

"ఇప్పుడుంది" అంది.

ఫిలిన్న వంగి ఆ చిల్లు చూసింది. తర్వాత మూట కింద పెట్టి, నారదారం ఉండ కోసం చెయ్యి చాపింది.

"అది కాదు" అంది అమ్మ. ఆవిడ చూపు మూట మీదుంది.

ఫిలిన్న మూట విప్పింది. బట్ట అంచు వెతికి, తనే వేసిన ముడి పళ్ళతో కొరికి, ఒక దారం లాగింది. నేసిన చెయ్యే కాబట్టి ఎక్కడ లాగాలో తెలుసు. దారం సన్నది. మూడుసార్లు తెగింది. నాలుగోసారి నిలిచింది. చిల్లు చుట్టూ పసుపుపచ్చగా ఒక్కో పోగు పడుతుంటే అమ్మ చదవలేదు, ప్రార్థన చెయ్యలేదు, ఓదార్చలేదు. చూస్తూ కూర్చుంది.

కుట్టు ముగిసింది.

"దీనివల్ల నా పిల్ల తిరిగి రాదు" అంది ఫిలిన్న.

"రాదు."

"ఆ పిల్లకి పేరూ రాదు."

"రాదు."

"మరి మీ ఒక్క దేవుడు ఏం చేస్తున్నట్టు?"

అమ్మ కలం సిరాలో ముంచింది. కుట్టు దగ్గర చోటు వదిలి, అవతల నుంచి అందుకుని రాసింది. కథ చివరిదాకా రాస్తూ పైకి చదివింది. ఆ దేశపు ఆడపిల్లలు ఏటేటా నాలుగు రోజులు వెళ్ళి ఆ సేనాధిపతి కూతురి కోసం ఏడ్చేవారని రాసుంది. అది చదివి ఆగింది.

"ఇప్పుడెవరూ వెళ్ళడం లేదు" అంది.

కలం కడిగి, తుడిచి, పక్కన పెట్టింది. బల్ల దగ్గర నుంచి లేచి ఫిలిన్న పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. ఎవరూ ఎవరినీ ఊరుకోమనలేదు. మిగతా ఆడవాళ్ళు తోళ్ళు గీకడం మానేసి ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. తొమ్మిదిమందిలో తలుచుకుని ఏడవడానికి ఎవరూ లేనిది ఒక్కతీ లేదు. ఆ ఇంట్లో నాలుగు రోజులు కలం కదల్లేదు.

డీకన్ మళ్ళీ వచ్చాడు. ఒక్కో తోలూ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చూశాడు. ఒక దాని దగ్గర ఆగాడు.

"ఈ చిల్లేమిటి? తోలు చూస్తే మంచిదేనే."

"చిల్లు ఎప్పట్నుంచో ఉంది నాయనా" అంది అమ్మ. "ఇప్పుడు కనబడుతోంది."

ఆయన పసుపుపచ్చ కుట్టు మీద వేలితో రాసి చూశాడు. మాట ఒక్కటీ పోలేదు, ఒక్కటీ ఎక్కువ లేదు. తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు.

"నాలుగు రోజులు పని ఆపేశారట. ఇంట్లో ఎవరైనా పోయారా?"

"ఒక అమ్మాయి పోయింది."

"అయ్యో. పేరు చెప్పండి. ఆదివారం ప్రార్థనలో చదువుతాను."

అమ్మ ఫిలిన్న వైపు చూసింది. ఫిలిన్న వేలికున్న దారం విప్పి మళ్ళీ చుట్టుకుంది.

"పేరు లేకుండా ఎలా చదవమంటారు?" అన్నాడు డీకన్.

"అలాగే చదవండి" అంది అమ్మ. "మీకు అలవాటేగా."

ఆ ఈస్టరుకి ఫిలిన్న బాప్తిస్మం తీసుకోలేదు. చిత్తడి గుడికీ వెళ్ళలేదు. చిల్లులు కుడుతూ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కుంకుమపువ్వు రంగు బట్ట పొట్టిదవుతూ వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత ఆమె భర్త తన రెండో కూతుర్ని ఒక ఓడ యజమానికి ఇస్తానని మాట ఇచ్చాడు. ఫిలిన్న మిట్టమధ్యాహ్నం అతని గుమ్మంలోకి వెళ్ళి, పిల్ల చెయ్యి పట్టుకుని రాతి ఇంటికి నడిపించుకొచ్చేసింది.