ఖాళీ బండలు

దర్గాలో సాయంత్రం పూట బడిపిల్లలకు లెక్కలు చెప్పే పని కరీముల్లా బాబా తన శిష్యుడు జిలానీకి అప్పగించారు. జిలానీ డిగ్రీలో లెక్కలు చదివినవాడు. పిల్లలు ప్రశ్న పూర్తిచేసేలోపే జవాబు అతని నాలుక మీద ఉండేది.

ఒకరోజు అతను విసుగ్గా బాబా దగ్గరికి వచ్చాడు.

"నాగవేణికి ఇక నేను చెప్పలేను బాబా. ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఏ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అనే రాస్తుంది. నాలుగుసార్లు దిద్దాను, మళ్లీ అదే. బడి కూడా మానేస్తానంటోంది. కొందరికి లెక్కలు రావు, అంతే."

"నువ్వు చెప్పినప్పుడు ఏమంటుంది?"

"అర్థమైంది సార్ అంటుంది."

బాబా లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చారు.

"నోట్లో పోసుకో. నేను చెప్పేదాకా మింగకు."

జిలానీ తెల్లబోయాడు. అయినా గురువు మాట. నీళ్లు పుక్కిట పట్టాడు.

ఆవరణలో చదరపు నాపరాళ్లు పరిచి ఉన్నాయి. అయిదు వరసలు, వరసకు అయిదు బండలు వచ్చేలా బాబా వాటి చుట్టూ సుద్దగీత గీశారు. నాగవేణిని పిలిచి దోసిట్లో గులాబీ రేకులు పోశారు.

"ఈ చదరం భుజం మూడు ప్లస్ రెండు. నువ్వు రాసే పద్ధతిలోనే నింపమ్మా. బండకొక రేకు."

నాగవేణి ఒక మూల మూడు మూళ్లు తొమ్మిది పెట్టింది. ఎదురు మూల రెండు రెళ్లు నాలుగు పెట్టింది. "అయిపోయింది" అంటూ లేవబోయి ఆగింది.

జిలానీ బుగ్గలు నొప్పెడుతున్నాయి. ఒక్క మాట చెబితే చాలు! నాగవేణి అతని వైపు చూసింది. అతను నోరు తెరవలేదు. ఆమె మళ్లీ బండల వైపు తిరిగింది.

చతికిలబడి ఖాళీ బండల మీదికి వంగింది. తర్వాత వేలితో లెక్కపెట్టసాగింది.

"ఇక్కడ ఆరు ఖాళీ... అక్కడా ఆరు." ఉన్నట్టుండి ఆమె గొంతు పెరిగింది. "మూడు రెళ్లు ఆరు, రెండుసార్లు! సార్, ఇవే కదూ నేను రోజూ వదిలేస్తున్నవి?"

బాబా వద్దనకముందే సుద్దముక్క లాక్కుని బండ మీద టూ ఏబీ అని పెద్దగా రాసింది. రాసి, మిగతా పిల్లల్ని కేకేసింది. "రండే, చూపిస్తాను!"

బాబా జిలానీ వైపు తిరిగి సైగ చేశారు. అతను నీళ్లు మింగాడు.

"ఇవాళ పాఠం బాగా చెప్పావు" అన్నారు బాబా.