మూరెడు దూరం

పదో తరగతిలో నాకంటే ముందు నా పొట్ట క్లాసులోకి వెళ్లేది. "మన డప్పు వచ్చిండురా!" అంటూ ప్రణయ్, వాడి దండు దానిమీద రోజూ దరువేసేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకా గట్టిగా కొట్టేవాళ్లు. ఆ దరువు మరీ అధ్వాన్నంగా ఉండేది. అది భరించలేకే నేను మా ఊళ్లో డప్పు కొట్టే సాయిలు తాత దగ్గర అసలు డప్పు నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు అమ్మ కట్టిచ్చిన పులిహోరలో సుద్దముక్కలు నలిపి పోశారు. ఆ రోజు నవ్వు రాలేదు.

మర్నాడే బడి వార్షికోత్సవం. ప్రణయ్ ఆడతాడు, డప్పు నేను కొట్టాలి.

ఆ సాయంత్రం తాత వాకిట్లో గడ్డి మంట వేసి కూర్చున్నాడు. కొట్టే ముందు డప్పును సెగకు చూపాలి, తోలు బిగిస్తేనే మోత. తన డప్పు నా చేతికిచ్చి, "కాచు బిడ్డా" అన్నాడు.

"రేపు వాడు ఎగిరినప్పుడు దరువు మారుస్త తాతా. మూతి పగిలేటట్టు పడాలె."

"ఊఁ."

"వాళ్ల నాయిన ముందే పడాలె! మా అమ్మ వండిన అన్నంల సుద్ద పోస్తడా? నేనేమన్న వాని సొమ్మా, దినాం కొట్టనీకె?"

తాత ఏదో అనబోయాడు. ఈలోగా నా చేతుల్లో ఫట్‌మంది. మాటల్లో పడి డప్పును మంటలోకే దించేశాను. తోలు ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలిపోయింది.

అది తాత పెళ్లినాటి డప్పు.

నేను కళ్లు మూసుకుని వీపు అప్పజెప్పాను. తన్నులు తినడంలో నాకు సాధన బాగానే ఉంది.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిస్తే తాత గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. తర్వాత లోపలికి వెళ్లి, తనకు మిగిలిన ఇంకో డప్పు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"కాచు."

"తాతా... కోపం రాలేదా?"

"రాకేంది? నీ చెవులు పీకి చేతుల పెడదామనిపించింది."

"మరి?"

ఆయన నా మణికట్టు పట్టుకుని, మంటకు మూరెడు దూరంలో ఆపాడు.

"మంట లేకుంటే ఇది మోగదు. ఈడ పట్టు."

మర్నాడు ప్రణయ్ గాల్లోకి ఎగిరాడు. నా అరచేతులు మండుతున్నాయి. నోట్లో సుద్ద రుచి ఇంకా పోలేదు. దరువు మాత్రం మార్చలేదు. వాడు సరిగ్గా తాళం మీద దిగాడు. జనం ఈలలు వేశారు.

వేదిక దిగాక దండుతో కలిసి నా దగ్గరికొచ్చాడు. "అబ్బ, మన డప్పు!" అంటూ అలవాటుగా నా పొట్టవైపు చెయ్యి చాపాడు.

మూరెడు దూరంలో వాడి మణికట్టు పట్టుకున్నాను. వాడు గుంజాడు. నేను వదల్లేదు.

"మస్తు ఆడినవ్ ప్రణయ్," అన్నాను. "చెయ్యి మాత్రం ఈడిదాకనే."