చలి దాకా ఆగిన చామంతి

ఒకప్పుడు చామంతికి ఉన్నది ఒకే కాడ, దాని మీద మూడే మొగ్గలు. ఎండ ముదరగానే మల్లెతో పోటీపడి ఆ మూడూ పూసేసేది. చలికాలం వచ్చేసరికి తోటలో పువ్వన్నదే ఉండేది కాదు.

ఒక మార్గశిరం పొద్దున తేనెటీగ వణుకుతూ వచ్చి చామంతి ఆకు మీద వాలింది.

"చామంతక్కా, గూట్లో పన్నెండు మంది పిల్లలు. తేనె నిండుకుంది. ఒక్క పువ్వుంటే ఇవ్వవూ?"

"వైశాఖంలోనే పూసేశాను చెల్లీ," అంది చామంతి.

ఆ పిల్లల్లో చలి దాటింది ఐదుగురే.

మళ్ళీ ఎండలు వచ్చాయి. కొసన మొగ్గ కదులుతుంటే, తోట చూసుకునే పైడమ్మను చామంతి పిలిచింది.

"అత్తా, నా తల తుంచెయ్యి."

"పిచ్చిదానా, తల తుంచితే ఇంకేం పూస్తావే?"

"ఇప్పుడు పూయకూడదనే. తుంచు."

పైడమ్మకు చెయ్యి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని గోటితో తుంచింది. పక్కన మల్లె కిసుక్కున నవ్వింది.

"మొండి తలదానా, ఈ ఏడు నిన్ను చూసేదెవరు?"

వారం తిరిగేసరికి తుంచిన చోట రెండు కొమ్మలు వచ్చాయి.

"చూశావా అత్తా, ఒకటి పోతే రెండు. రెండూ తుంచితే నాలుగు. మొత్తం నాలుగుసార్లు తుంచితే పదహారు కొమ్మలు. కొమ్మకు మూడేసి చొప్పున నలభై ఎనిమిది పూలు."

"నీకీ లెక్కలెవరు నేర్పారే?"

"పన్నెండులోంచి ఏడు తీసేసిన రోజున నేర్చుకున్నాను."

పైడమ్మ శ్రావణం దాకా తుంచుతూనే ఉంది.

మార్గశిరంలో మంచు దిగింది. తోటంతా ముడుచుకున్న వేళ నలభై ఎనిమిది పసుపు పూలు విచ్చాయి. తేనెటీగ వచ్చింది. దాని వెనకే, పెరిగి పెద్దయిన ఆ ఐదుగురూ వచ్చారు. గూట్లో కొత్త పిల్లలు పదిహేను మంది. ఆ చలికాలం ఒక్కరూ తగ్గలేదు.

కానీ పూలు రాలాక చామంతి కాడలు చలికి ఎండిపోయాయి. నేల దాని వేరును దగ్గరికి తీసుకుంది.

"పడుకో తల్లీ. పైనున్నది పోతే పోనీ, కింద నేనున్నాను."

ఎండ తగలగానే ఆ వేరు పక్కన పిలకలు తలెత్తాయి.

అప్పటినుంచే చామంతి ఎండనంతా లోపల దాచుకుని, చలిలో పూస్తోంది. కాడ ఎండినా పిలకై తిరిగొస్తోంది. ఇదిగో, ఈ ఏటి పిలక జానెడు ఎదిగింది. పైడమ్మ అడుగుల చప్పుడు విని, తుంచమని తల ముందుకు వంచుతోంది.