బ్రేకు మీద కాలు

ఆదివారం. ఉదయం ఏడు గంటలు. మబ్బు పట్టి ఉంది, వాన ఇంకా పడలేదు.

ముందురోజు మా చిన్నవాడు సంపత్ సరిగా తినలేదు. నాలుగు నెలలు కష్టపడి ఒక పాత కారును బాగుచేశాడు. తీరా యజమానికి ఇచ్చే సమయానికి, వాడికి పని నేర్పే ఉస్తాద్ తాళంచెవి తన జేబులో వేసుకున్నాడట.

"నేను చేసినదాంట్ల ఏం తక్కువైంది ఉస్తాద్?" అని అడిగాడట వీడు.

"పొద్దున చెప్త" అన్నాడట ఆయన.

పొద్దున వాడు షెడ్డుకు వెళ్ళాక కూడా ఆయన వాడికేమీ చెప్పలేదు. నాకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను ఖాసింను మాట్లాడుతున్న. భయపడకుండ్రి, అంతా మంచిగనే ఉంది. ఒకసారి షెడ్డు దాకా వస్తరా?"

భయపడకండి అనగానే మంచం మీద కూర్చున్నాను. మూడేళ్ళ కింద శరత్ సంగతి చెప్పినవాళ్ళూ ముందు ఆ మాటే అన్నారు.

శరత్ నా పెద్దకొడుకు. స్నేహితుడి కారులో వెళ్ళాడు. అది ఆగాల్సిన చోట ఆగలేదు. ఎందుకు ఆగలేదో మాకెవరూ చెప్పలేదు. ఇంట్లో మిగిలింది సంపతూ నేనూ. తిన్నావా, తిన్నా. ఎప్పుడొస్తావు, వస్తా. మూడేళ్ళుగా మా మధ్య మాటలు అంతవరకే.

ఖాసిం ఉస్తాద్ షెడ్డు మల్లేపల్లిలో. ఆయనకు డెబ్బై దాటాయి. పాత కార్లు తప్ప మరొకటి ముట్టడు. సంపత్ ఆయన దగ్గర చేరి రెండేళ్ళయింది. నేను అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు.

బండి షెడ్డు మధ్యలో ఉంది. అరవై అయిదులో అమెరికాలో చేసిందట. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. ముదురు ఎరుపు. పడవంత పొడుగు. బోనెట్ ఎంత నునుపుగా ఉందంటే అందులో నా ముఖం, నా వెనక మబ్బు, రెండూ కనిపించాయి.

సంపత్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వెందుకొచ్చినవమ్మా?"

"నేనే రమ్మన్న" అన్నాడు ఉస్తాద్.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉందట. బండి యజమాని చేతికి పోయే ముందు, దాన్ని చేసినవాడి ఇంటి మనిషి ఒకరు ఎక్కి కూర్చోవాలి. భార్యో, తల్లో, బిడ్డో. అక్కడి పనివాళ్ళకు అదొక సరదా. ఇంటివాళ్ళను తెచ్చి, ఫోటో దిగి, చాయ్ తాగించి పంపుతారు. సంపత్ సొంతంగా చేసిన మొదటి బండి ఇది. నన్ను పిలవలేదు.

"మా అమ్మ కార్లెక్కది ఉస్తాద్. మీకు తెల్వదా?"

"పోనిచ్చేది లేదు బేటా. ఊకె కూసుంటది."

"అయితే ముందు ఇంజన్ వినిపిస్త."

ఉస్తాద్ తాళంచెవి ఇచ్చాడు. సంపత్ లోపల కూర్చుని తిప్పాడు. గోడకు వేలాడుతున్న పానాలు గలగలలాడాయి. ఆ మోత చెవికి కాదు, ఛాతీకి తగిలింది. వాడు కాలు ఇంకాస్త అదిమాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

వాడి ముఖం చూశాను. శరత్ పోయాక అంత తేలికపడ్డ ముఖం నేను చూడలేదు.

"ఎనిమిది సిలిండర్లమ్మా" అని అరిచాడు. "ఇది మోగుతుంటే ఇంకేం యాదికి రాదు."

రెండేళ్ళుగా వాడు ఈ నూనె మరకల్లోకి ఎందుకు వస్తున్నాడో అప్పుడు తెలిసింది.

ఇంజన్ ఆపాక షెడ్డు మరీ నిశ్శబ్దమైంది. ఉస్తాద్ తాళంచెవి తిరిగి తీసుకున్నాడు.

"ఇప్పుడు మీరు కూసోండ్రి అమ్మా. డ్రైవర్ సీట్ల."

నేను కుడివైపు తలుపు తీశాను. స్టీరింగ్ లేదు. సంపత్ నవ్వాడు, ఉస్తాద్ కూడా నవ్వాడు.

"అమెరికోళ్ళ బండి అమ్మా. అటు దిక్కు."

చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చున్నాను. సీటు మంచమంత ఉంది. స్టీరింగ్ పట్టుకోవాలనిపించలేదు. చేతులు ఒడిలో పెట్టుకున్నాను.

"మధ్యల ఉన్నది బ్రేకు" అన్నాడు ఉస్తాద్. "ఒకసారి నొక్కుండ్రి."

నొక్కాను. తడిపిన పిండిలో కాలు పెట్టినట్టు దిగబడింది. అడుగుదాకా పోయింది.

"కింద తగిలింది" అన్నాను.

సంపత్ కిటికీలోంచి తల పెట్టాడు. "రెండుసార్లు కొట్టాలమ్మా. రెండోసారికి పట్టుకుంటది. పాత బండ్లు అట్లనే ఉంటయి."

"నాకెట్ల తెలుస్తది?" అన్నాను.

వాడు తల బయటికి తీసుకున్నాడు.

ఉస్తాద్ గోడ దగ్గరికి వెళ్ళి ఒక కర్ర తెచ్చాడు. చెయ్యంత పొడుగు. ఒక కొసకు రబ్బరు ముక్క చుట్టి ఉంది.

"గాలి దీనితోనే తీసినవా?"

సంపత్ తల ఊపాడు.

ఉస్తాద్ నాకు చెప్పాడు. బ్రేకు గొట్టాల్లో నూనె ఉంటుంది. అందులో గాలి మిగిలితే కాలికి పట్టు దొరకదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని నొక్కాలి, ఒకరు చక్రం దగ్గర పడుకుని చిన్న మర తిప్పాలి. మా వాడు సీటుకూ బ్రేకుకూ మధ్య ఆ కర్ర బిగించి, తనే కిందికీ పైకీ తిరిగాడు.

"పిలిస్తే ఎవరన్న రాకుండిరా బేటా?"

"నేనొక్కణ్ణే చెయ్యాలనుకున్న" అన్నాడు సంపత్. "అంతా నా చేతి మీదనే."

ఉస్తాద్ కర్రను వాడికి ఇచ్చాడు.

"కర్ర నొక్కుతది. చెప్పదు."

అంతే అన్నాడు. వెళ్ళి తన స్టూలు మీద కూర్చుని చాయ్ అందుకున్నాడు.

సంపత్ కొంతసేపు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని గోడవారగా పెట్టి, నన్ను కాసేపు దిగమని, బండిని జాకీతో లేపి చక్రాలు ఊడదీశాడు. గోనెపట్టా పరుచుకుని వెనక చక్రం దగ్గర పడుకున్నాడు. నేను మళ్ళీ ఎక్కాను.

"నొక్కమ్మా."

"నొక్కిన."

"అట్లనే పట్టుకో."

"పట్టుకున్న."

"ఇగ వదులు."

మళ్ళీ నొక్కు. మళ్ళీ పట్టుకో. బుడగలు ఆగేదాకా అట్లాగే చేయాలట. మోకాలు నొప్పి పెట్టింది. ఆపమని అనలేదు. మూడేళ్ళలో మేం అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

తెరిచిన తలుపులోంచి వాడి పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేలమీద, వేళ్ళు పైకి. ఆస్పత్రిలో దుప్పటి కింద నుంచి శరత్‌వి కూడా అంతే కనిపించాయి. చూడకూడదనుకున్నాను. చూశాను.

"సంపత్."

"ఆఁ అమ్మా."

"ఏం లేదు. నొక్కాల్నా?"

"నొక్కు."

మూడు చక్రాల దగ్గర బుడగలు ఆగాయి. నాలుగోదాని దగ్గర ఆగలేదు. వాడు మర తిప్పిన ప్రతిసారీ నూనెతో పాటు గాలి వస్తూనే ఉంది.

"ఇప్పి చూడు" అన్నాడు ఉస్తాద్, స్టూలు మీంచి లేవకుండా.

లోపల రబ్బరు వాషర్ ఒకటి అంచు చిరిగి ఉంది. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. నాకు అరిగిన చెప్పు ముక్కలా కనిపించింది.

"మూడు కొత్తవి ఏసిన" అన్నాడు మెల్లగా. "ఇది దొరకలె. బొంబాయి నుంచి రావాలె. తుడిచి పాతదే పెట్టిన. ఏమైతదిలే అనుకున్న."

ఉస్తాద్ తిట్టలేదు. తిడితే బాగుండునని వాడి ముఖంలో కనిపించింది.

తొమ్మిదికి అంబదాస్ వచ్చాడు, బండి యజమాని. భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని ఆటోలో దిగాడు. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద పాత కార్ల ఊరేగింపు. ఆయన తలమీద గుండ్రటి నల్లటోపీ. చిన్నపాపకు గౌను, దాని అన్నకు మెడలో బో టై.

"సంపతూ, నా పెండ్లికి కూడ నేనింత తయారు కాలే" అంటూ లోపలికి వచ్చి చక్రాల్లేని బండిని చూశాడు. "ఇదేందిరా? నిన్న విమానం అంటివి. రెక్కలు ఇప్పేసినవా?"

"బ్రేకు సరిగ లేదన్నా. తప్పు నాదే."

"నెమ్మదిగ పోతరా. ముప్ఫై దాటను."



అంబదాస్ టోపీ తీసి బోనెట్ మీద పెట్టాడు. "మా నాయన ఇసుంటి బండికే డ్రైవర్. పద్దెనిమిదేండ్లు తుడిచిండు. నన్ను ఒక్కనాడు వెనక సీట్ల కూసోనియ్యలే, దొర చూస్తడని. ఇయ్యాల నా పిల్లలు వెనక కూసుంటరు, నేను తోల్త. అంతే కదా నేను అడిగేది." ఉస్తాద్ వైపు తిరిగాడు. "మీరన్న చెప్పుండ్రి ఉస్తాద్."

ఉస్తాద్ జేబులోంచి తాళంచెవి తీశాడు. అంబదాస్‌కు ఇవ్వలేదు. సంపత్ చేతిలో పెట్టాడు.

"బండి చేసింది నువ్వు. నువ్వే చెప్పు."

పాప అప్పటికే వెనక తలుపు పట్టుకుని వేలాడుతోంది. సంపత్ దాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను మోకాలు రాసుకుంటున్నాను.

"ఇయ్యలేనన్నా" అన్నాడు.

అంబదాస్ బోనెట్ మీది టోపీ తీసుకున్నాడు. "నాలుగు నెలలు తిప్పి, ఇయ్యాల చెప్పినవు" అన్నాడు. ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఊరుకోమంది.

సంపత్ చక్రాలు బిగించాడు. బండిని నేలకు దించాడు. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు పెట్టాడు. వెనక తలుపు తీసి పిల్లలిద్దరినీ ఎత్తి కూర్చోబెట్టాడు. వాళ్ళమ్మను ముందు సీట్లో కూర్చోమన్నాడు. అంబదాస్‌ను తీసుకెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తనే వంగి తాళం తిప్పాడు.

పానాలు మళ్ళీ గలగలలాడాయి. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. అంబదాస్ రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా ఉన్న గోడను చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా, ఎప్పుడు కదులుతది?" అంది పాప.

"కదులుతనే ఉన్నం బిడ్డా. బయటికి చూడు."

ఆయన పక్కన పెట్టుకున్న టోపీ తీసి ముఖం మీదికి లాక్కున్నాడు.

వాన మొదలైంది. కొంతసేపటికి వాళ్ళు ఆటోలో వెళ్ళిపోయారు. ఉస్తాద్ నాకు చాయ్ పోయించాడు. ఫోటో ఎవరూ తీయలేదు. ఆయన ఇల్లు షెడ్డు వెనకే. భుజం మీది తువ్వాలు నెత్తిన వేసుకుని లోపలికి వెళ్ళాడు. మేం బయల్దేరుతుంటే చూశాను, కర్ర చాయ్ పొయ్యి పక్కన రెండు ముక్కలై పడి ఉంది. విరిచింది ఉస్తాద్ కాదు.

నడుచుకుంటూనే వచ్చాం. ఒకటే గొడుగు. సందు మలుపులో సంపత్ ఆగాడు.

"అమ్మా."

"ఆఁ."

"అన్నోళ్ళు పోయిన కారుకు… బ్రేకు ఎవరో ఒకరు చేసే ఉంటరు కదా."

"ఉంటరు."

వాడు గొడుగు నా వైపు వంచాడు. వాడి భుజం తడుస్తోంది. నేను చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాను.

ఇంటికొచ్చాక అన్నం పెట్టే ముందు, అంబదాస్‌కు ఫోన్ చెయ్యమన్నాను. ఇల్లు చేరారో లేదో కనుక్కోమన్నాను. కోపంగానే మాట్లాడాడట. చేరారట.

ఆ రోజు షెడ్డు నుంచి ఇల్లు చేరినవాళ్ళను లెక్కపెట్టాను. అంబదాస్, ఆయన భార్య. ఇద్దరు పిల్లలు. ఖాసిం ఉస్తాద్. సంపత్. నేను.

ఏడుగురం.

మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుగురమే.