ముత్తాత తెచ్చిన ఏరు

పూర్వం ఏటిమొగ సీమను ఏలడానికి రణధీరప్ప అనే అధికారి వచ్చాడు. ఆయనకు పాలన కన్నా గొప్పలు ఎక్కువ. ఆ సీమలో ఏరు ఏటా ఒక ఒడ్డున పొలాలు కోసేసి, రెండో ఒడ్డున ఒండ్రుమట్టి మేట వేస్తుంది. పొలం పోయినవాళ్లు ఆ మేట మీద పశువులను మేపుకోవడం తాతలనాటి కట్టుబాటు. పచ్చగడ్డి చూసి అధికారికి కన్నుకుట్టింది.

సీమ పెద్దలను కచేరీకి పిలిపించాడు. "ఇదంతా ఒకప్పుడు ఎడారి. మా ముత్తాత ఎక్కడో పోతున్న ఏటిని ఇటు మళ్లించి ఈ సీమను నిలబెట్టాడు. ఏరు మాది, కనుక మేటా మాదే. రేపటినుంచి అక్కడ గొడ్డు కనపడితే బందెలదొడ్డికే!"

పెద్దల తలపాగాలన్నీ జొన్నకంకుల్లా ఊగాయి. గుమ్మంలో నిలబడి వింటున్న నూకాలు అనే ఆవిడకు గేదెలే బతుకు; ఆమెకు ఒళ్లు మండింది. మనసులో గంగమ్మకు దండం పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఎంత చల్లని మాట చెప్పారు బాబుగారూ! ఇన్నాళ్లూ ఏరు మా పొలాలు మింగుతుంటే ఎవరినడగాలో తెలియక ఏడ్చాం. అది మీ ఏరేనన్నమాట! నా గేదె పక్కవాడి చేలో పడితే నష్టం నేనే ఇచ్చుకోవాలని మొన్న మీరే తీర్పిచ్చారు. మరి మీ ఏరు మా చేలన్నీ మేసింది. పొలం పోయినవాళ్లంతా బయటే ఉన్నారు, పిలవమంటారా?"

గుమ్మం దగ్గర కలకలం రేగింది. రణధీరప్ప ముఖం పాలిపోయింది.

"ఆగవే! ఏటిని ఎవరైనా తెస్తారా? అది దానంతట అదే వచ్చింది!"

"అలాగా బాబూ! అయితే మేట కూడా అంతేగా."

నూకాలు గేదెలను మేటకు తోలుకుపోయింది. అడ్డుపెట్టడానికి రణధీరప్పకు ఇంకో ముత్తాత దొరకలేదు.