నల్లమ్మ చూడని జలపాతం

అనగనగా ఒక అడవిలో ఒక ఎలుగుబంటి కుటుంబం ఉండేది. తండ్రి భల్లయ్య, తల్లి నల్లమ్మ, కొడుకు గుబురు, చిన్నది తుమ్మెద. భల్లయ్య చెడ్డవాడేం కాదు, పిల్లలూ. కాస్త పిసినారి, అంతే.

ఎండాకాలం వస్తే ఆ అడవిలో అందరూ చల్లని చోటికి వెళ్ళేవారు. కొందరు ఏనుగుల దారి పట్టి పెద్ద నది దాకా పోయేవారు. "అంత దూరం మనకెందుకు? పక్క కొండ మీద జలపాతం లేదూ!" అనేవాడు భల్లయ్య. ఆ మాట మంచిదే. జలపాతం పక్కనే చల్లటి గుహ ఉంది. అది ముళ్ళపంది తాతది. నాలుగు రోజులు ఉండాలంటే తలకో దొప్పెడు ఎండు ఇప్పపువ్వు ఇవ్వాలి.

మొదటి ఏడు నల్లమ్మ పిల్లలకు ఒళ్ళు తోమి, దారిలో తినడానికి తేనెపట్టు ముక్కలు మూటకట్టింది. భల్లయ్య గడప దగ్గర ఆగాడు.

"నలుగురికి నాలుగు దొప్పలు. నువ్వు ఆగిపోతే ఒకటి మిగులుతుంది. ఇంటికి కాపలా కూడా ఉంటుంది" అన్నాడు.

"సరేలెండి, పిల్లలు జాగ్రత్త" అంది నల్లమ్మ.

తిరిగి వచ్చాక పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "నీళ్ళు పడేచోట తుంపర మొహాన కొడుతుందటగా? ఎలా ఉంటుందర్రా?" పిల్లలు చెబుతుంటే నోరు తెరుచుకుని వింది.

రెండో ఏడు ఆమెను ఎవరూ రమ్మనలేదు. మూట కట్టి ఇచ్చి వాకిట్లో నిలబడింది.

మూడో ఏటికి నల్లమ్మకు దగ్గు పట్టుకుంది. ఒళ్ళు చిక్కిపోయింది. అయినా తనే నోరు తెరిచి అడిగింది. "ఏమండీ, ఈసారి నేనూ వస్తానండీ."

"అమ్మ కూడా రావాలి" అని తుమ్మెద ఏడ్చింది.

"జలపాతం ఎక్కడికి పోతుందే? కూతవేటు దూరం. వచ్చే వేసవికి తప్పకుండా తీసుకెళ్తా" అన్నాడు భల్లయ్య.

వానాకాలంలో నల్లమ్మ చనిపోయింది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. మూడేళ్ళుగా మిగిల్చిన మూడు దొప్పలూ భల్లయ్య చెట్టు తొర్రలో దాచి ఉంచాడు. తీసి చూస్తే రెండు పురుగు పట్టి పొడి అయిపోయాయి. మూడోది బాగుంది. పిల్లలను వెంటబెట్టుకుని కొండ ఎక్కి, ముళ్ళపంది తాత ముందు దానితో కలిపి నాలుగు దొప్పలు పెట్టాడు.

"ముగ్గురే కదయ్యా" అన్నాడు తాత.

"నాలుగూ తీసుకో తాతా" అన్నాడు భల్లయ్య.

"రానివాళ్ళకి నేనెలా తీసుకుంటాను?" అని తాత ఒక దొప్ప వెనక్కి ఇచ్చేశాడు.

భల్లయ్య దాన్ని పట్టుకుని జలపాతం ముందు కూర్చున్నాడు. తుంపర వచ్చి మొహాన పడుతోంది. అతను తుడుచుకోలేదు. తుమ్మెద వచ్చి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఈ దొప్ప అమ్మదా?"

"అమ్మదే తల్లీ."

"మరి అమ్మ ఉన్నప్పుడు ఎందుకు ఇవ్వలేదు?"

భల్లయ్య కూతుర్ని దగ్గరకు తీసుకుని భోరున ఏడ్చాడు.

నీతి: దగ్గరి చోటికి పోయి ఖర్చు తగ్గించుకుంటే అది పొదుపు. ఇంట్లో ఒకరిని వదిలేసి మిగిల్చుకుంటే అది పొదుపు కాదు, పోగొట్టుకోవడమే.