కాళ్ళ మట్టి

మా గురువు పుల్లాచారిగారు బొమ్మలు చేసేవారు. ఏం అడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు, మట్టిముద్ద తెమ్మనేవారు. ఆ తడిమట్టి వాసన ఈ వయసులోనూ నన్ను వదల్లేదు.

ఆ రోజు అడిగినవాడు ఓబులేశు. నాతోపాటే పని నేర్చుకునేవాడు, కుమ్మరింటి పెద్దకొడుకు, మహా మొండి. వాళ్ళలో కుండలు కాల్చే ఆవానికి తొలి నిప్పు పెద్దవాడే పెట్టాలి. మూడేళ్ళ కిందట తమ్ముడు తిమ్మన్న, అన్న వచ్చేదాకా ఆగకుండా నిప్పు పెట్టేశాడు. ఆ రోజునుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఇప్పుడు తిమ్మన్న ఎల్లుండి పెళ్ళాంబిడ్డలతో ఎక్కడో దూరాన పెంకుల ఫ్యాక్టరీకి పోతున్నాడని కబురొచ్చింది.

"తప్పు వాడిది గదా సామీ! నేను కూర్చున్నచోటే కూర్చుంటే వాడే రాడా?" అన్నాడు ఓబులేశు.

గురువుగారు ఎవరూ చూడని జంతువునొకదాన్ని చేశారు. నాలుగు పొడుగాటి కాళ్ళు, చిన్న నోరు.

"ఇది పరిగెత్తి వేటాడి తినేది. ఒకనాడు ఇసుకలో గొయ్యి తవ్వుకుని పొంచి కూర్చుంది. ఎర తనంతట తనే వచ్చి నోట్లో పడింది. ఇంకేం, అదే అలవాటైంది."

కాళ్ళనుంచి చిటికెడు మట్టి గిల్లి దవడకు అతికించారు. దాని పిల్లలు ఇంకా ఎక్కువ కూర్చున్నాయన్నారు, మళ్ళీ గిల్లారు. కళ్ళు నడినెత్తికి జరిపారు. నాకు నవ్వాగలేదు. పిల్లల పిల్లలు, వాటి పిల్లలు అంటూ గిల్లుతూనే పోయారు. బయటినుంచి ఒక్క పిసరు మట్టి కూడా తీసుకోలేదు. చివరికి మిగిలింది ఒక పెద్ద నోరు, పైకి చూసే రెండు కళ్ళు. దాన్ని ఇసుక పళ్ళెంలో కూరితే అసలు జంతువుందని తెలియలేదు.

"అబ్బ, ఏం తెలివి సామీ దీనికి!" అని మురిసిపోయాడు ఓబులేశు.

"తెలివే. ఒక ఏడాది ఏరు దారి మార్చుకుంది. నీళ్ళకొచ్చే ఎరలన్నీ అటే పోయాయి." గురువుగారు పళ్ళెం వాడి ముందుకు జరిపారు. "ఇప్పుడు దీన్ని నడిపించు."

ఓబులేశు బొమ్మను పైకి తీసి నిలబెట్టాడు. ఒరిగిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు, మళ్ళీ ఒరిగింది. వేళ్ళకంటిన మట్టిని చూసుకున్నాడు. తరువాత లేచి, కండువా భుజాన వేసుకుని, గడప దగ్గర ఆగాడు.

"ఆ మట్టి మళ్ళా కాళ్ళకు పెట్టొచ్చునా సామీ?"

"తడి ఉన్నంతసేపు," అన్నారు గురువుగారు.